పట్టణ ప్రభుత్వ పాఠశాలల పోలిక: నిధులు, ఫలితాలు

ఆంధ్రప్రదేశ్‌లోని చిన్న పట్టణాల్లో సర్కారు బడి అంటే ఒక్క రకం కాదు. పురపాలక పాఠశాల, ప్రభుత్వోన్నత పాఠశాల, గురుకులం ఉంటాయి. శివారు గ్రామాలు కలిసినచోట మండల, జిల్లా పరిషత్ బడులూ ఉంటాయి. యాజమాన్యాలు వేరు, డబ్బు వచ్చే దారులూ వేరే. పురపాలక బడుల పర్యవేక్షణ 2022లో పాఠశాల విద్యాశాఖకు మారింది.

బడి ఖర్చులో పెద్ద భాగం జీతాలదే. సీనియర్ ఉపాధ్యాయులున్న బడికి తలసరి ఖర్చు ఎక్కువగా కనిపిస్తుంది. అంతమాత్రాన అక్కడి పిల్లలకు సౌకర్యాలు ఎక్కువని కాదు. సుద్దముక్కలకు, కరెంటు బిల్లుకు, చిన్నచిన్న మరమ్మతులకు ప్రధానోపాధ్యాయుని చేతికందేది సమగ్ర శిక్ష పథకం కింద ఇచ్చే కాంపోజిట్ గ్రాంటు. మార్గదర్శకాల ప్రకారం 30 మంది పిల్లల వరకు ఉంటే ఏడాదికి రూ.10,000, 100 వరకు రూ.25,000, 250 వరకు రూ.50,000, 1,000 వరకు రూ.75,000, ఆపైన లక్ష. ఈ లెక్కన 31 మంది ఉన్న వీధిబడిలో ఒక్కొక్కరికి రూ.806 పడితే, 750 మందితో కిటకిటలాడే ఉన్నత పాఠశాలలో పడేది వంద రూపాయలే. మరుగుదొడ్లు ఎక్కువగా వాడేది, నీళ్ల ట్యాంకు త్వరగా ఖాళీ అయ్యేది మాత్రం ఆ పెద్ద బడిలోనే. భవనాల సొమ్ము దారి వేరు. 2019 నవంబరు 14న ఒంగోలులో మొదలైన ‘మనబడి నాడు-నేడు’ పథకం తొలి విడతలో 15,715 బడులకే చోటు దక్కింది.

ఫలితాలకు జనం చూసేది పదో తరగతి ఉత్తీర్ణత శాతం. అది తొందరపడి నమ్మదగ్గది కాదు. 12 మంది రాసిన బడిలో ఒక్కరు తప్పితే శాతం 92కు పడిపోతుంది; 120 మంది రాసినచోట ఒక్కరు తప్పినా 99 దాటే ఉంటుంది. రాష్ట్ర ఉత్తీర్ణతే 2022లో 67.26 శాతం, 2024లో 86.69 శాతం. కాబట్టి ఆ రెండేళ్లలో పదిహేను శాతం పెరిగిన బడి పెరుగుదలలో రాష్ట్రం కంటే వెనకబడినట్టే. ప్రవేశ పరీక్ష పెట్టి పిల్లలను తీసుకొనే గురుకులంతో, వచ్చిన ప్రతి బిడ్డనూ చేర్చుకొనే పురపాలక బడిని పోల్చడం అన్యాయం. ఎనిమిదిలో ఎందరున్నారు, వారిలో పదో తరగతి పరీక్ష దాకా ఎందరు నిలిచారు అన్నది శాతం కంటే ముందు అడగాల్సిన ప్రశ్న.

విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో కనీసం నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులు లేదా సంరక్షకులే. గ్రాంటు ఖర్చును పర్యవేక్షించే అధికారం ఆ కమిటీకి ఉంది. మీ పిల్లల బడిలో ఈ ఏడాది గ్రాంటు ఎంత వచ్చిందో, దేనికి ఖర్చయిందో కమిటీ సమావేశానికి వెళ్లి అడగండి.