రాజమండ్రిలో దామెర్ల వారి చిత్రశాల

పెళ్ళికో, గోదావరి స్నానానికో రాజమండ్రి వెళ్ళిన మన పెన్షనరు మిత్రులు రేవు చూస్తారు, వంతెన చూస్తారు, బస్సెక్కేస్తారు. గట్టుకు దగ్గర్లోనే ఉన్న దామెర్ల రామారావు చిత్రశాల గురించి అడిగితే "అదెక్కడుందండీ?" అంటారు. మొన్న మనవరాలిని వెంటబెట్టుకుని ఉప్పాడ నుంచి కాకినాడ మీదుగా దానికోసమే వెళ్ళాను.

రామారావు గారు 1897 మార్చి 8న రాజమండ్రిలోనే పుట్టారు. అక్కడి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే దొర స్వయంగా చిత్రకారుడు. ఈ కుర్రవాడి చేతిలోని పనితనాన్ని గుర్తించి ప్రోత్సహించాడు. అడివి బాపిరాజు గారు కూడా ఆ దొర శిష్యులే. 1916లో రామారావు గారు బొంబాయి జె.జె. చిత్రకళాశాలలో చేరి 1920 వరకు చదువుకున్నారు. తిరిగొచ్చి రాజమండ్రిలో చిత్రకళకు ఒక సమితిని, బడిని నెలకొల్పారు. 1925 ఫిబ్రవరి 6న మశూచికంతో పోయారు. పుట్టిన తేదీ, పోయిన తేదీ విని మనవరాలు వేళ్ళమీద లెక్కవేసి, "అయితే మా నాన్నకంటే చిన్నవాడా తాతయ్యా?" అంది. అవును, ఇరవై ఎనిమిదేళ్ళు కూడా నిండలేదు.

సిద్ధార్థ రాగోదయం, ఋష్యశృంగ బంధనం, నంది పూజ, తూర్పు కనుమల్లో గోదావరి - ఇవన్నీ ఆ కొద్ది ఏళ్ళలో వేసినవే. ఎక్కువసేపు నన్ను నిలబెట్టింది మాత్రం పుష్పాలంకారం. మాది మగ్గం ఇల్లు. మా ఊరి జాందానీకి బుటా వేయాలంటే మగ్గం ముందు ఇద్దరు పక్కపక్కన కూర్చుని పోగు పోగూ చేత్తో ఎక్కించాలి. 2009లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది, కూలి సంగతి వేరే మాట. అలాంటి ఇంట పుట్టినవాడికి బొమ్మలో ముందు కనబడేది ముఖం కాదు, చీర. పల్చటి బట్ట ఒంటిమీద ఎలా జారుతుందో ఈయనకు బాగా తెలుసు.

మనిషి పోయాక బొమ్మలు తలా ఒకటి పట్టుకుపోవడమే లోకరీతి. ఇక్కడ అలా జరగలేదు. భార్య సత్యవాణి గారు, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ గారు, ఇద్దరూ చిత్రకారిణులే. స్నేహితుడు వరదా వెంకటరత్నం గారు ఆ బడిని, బొమ్మలను ఏళ్ళ తరబడి కనిపెట్టుకుని ఉన్నారు. తరువాత అవి ప్రభుత్వం చేతికి వచ్చాయి. రికార్డు రూములో బతికినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, కాగితం దానంతటది నిలవదు. అందులోనూ నీటిరంగుల కాగితానికి చెమ్మ పడదు, ఎండ పడదు. పక్కనేమో గోదావరి.

నా చిన్ననాటి వీధులు కొన్ని ఇప్పుడు సముద్రంలో ఉన్నాయి. మనవరాలికి చూపిద్దామంటే వాటి బొమ్మయినా లేదు. రామారావు గారు చూసిన గోదావరిని మాత్రం చూపించగలిగాను.

ఈసారి మన సంఘం యాత్ర రాజమండ్రి వైపు వేస్తే, భోజనాలకు ముందు ఒక గంట ఇక్కడికి కేటాయించవలసిందిగా కార్యదర్శి గారికి మనవి. కళ్ళజోళ్ళు మరిచిపోకండి, పెన్సిలు గీతలు చాలా సన్నగా ఉంటాయి.