జిగురు వ్యాపారి కట్టిన సభామందిరం

న్యూయార్క్ నగరంలో మూడో అవెన్యూకీ నాలుగో అవెన్యూకీ నడుమ గోధుమరంగు రాతి కట్టడం ఒకటుంది. పేరు కూపర్ యూనియన్. లోపలికెళ్లి మెట్లు దిగితే నేలమాళిగలో దాదాపు 900 మంది పట్టే హాలు, పైబరువు మోస్తూ వరుసగా స్తంభాలు. 1858లో తెరిచిన ఆ హాలును అక్కడివాళ్లు గ్రేట్ హాల్ అంటారు. సభలు జరిగే చోటు నేలకింద ఎందుకంటే, కట్టించిన పెద్దమనిషి ముందుచూపు అని చెబుతారు. నిప్పంటుకున్నప్పుడు మెట్లు దిగుతూ తోసుకునే జనం ఒకరికింద ఒకరు నలిగిపోతారు, మెట్లెక్కి బయటపడేవాళ్లకు ఆ గండం తక్కువ అన్నది ఆయన లెక్కట.

ఆ పెద్దమనిషి పీటర్ కూపర్. 1791లో టోపీలు చేసేవాడి ఇంట పుట్టాడు. అన్నీ కలిపినా ఏడాదికి మించి బడికి వెళ్లలేదు. పదిహేడో ఏట గుర్రబ్బండ్లు తయారుచేసే చోట పని నేర్చుకోవడానికి చేరాడు. పగలంతా చాకిరీ. రాత్రి నాలుగు ముక్కలు నేర్చుకుందామంటే అలాంటివాళ్లకు చెప్పే బడి ఊళ్లో లేదు. తర్వాత పశువుల గిట్టలు, ఎముకలు ఉడికించి జిగురు తీసే ఫ్యాక్టరీ ఒకటి కొన్నాడు. సంపదంతా ఆ జిగురుతోనే మొదలైంది. 1830లో టామ్ థంబ్ అనే చిన్న ఆవిరి రైలింజన్ను తనే తయారుచేసి నడిపి చూపించాడు. ఇనుము కరిగించాడు, అట్లాంటిక్ అడుగున టెలిగ్రాఫ్ తీగ వేసే పనిలోనూ డబ్బు పెట్టాడు. చదువు లేని లోటు మాత్రం ముసలితనం దాకా ఆయన్ను వదల్లేదు.

పారిస్ పాలిటెక్నిక్ విద్యాలయంలో పేదింటి కుర్రాళ్లు ఎండురొట్టె ముక్కతో పూట గడుపుకుంటూ పాఠాలు వింటున్నారని ఒకసారి తెలిసినాయన చెప్పగా విన్నాడు. తన ఊళ్లో ఆ చదువు ఆకలి ఎంతమందికి ఉందో ఆయనకు వేరే ఎవరు చెప్పాలి? 1853లో కూపర్ యూనియన్ భవనానికి శంకుస్థాపన చేశాడు. 1859లో మొత్తం భవనాన్ని ధర్మకర్తల చేతికి రాసిచ్చేశాడు. పనివాళ్లకు రాత్రిబడి, ఆడవాళ్లకు చిత్రకళ బడి. చదువుకునే గదిని రాత్రి పది గంటల దాకా తెరిచి ఉంచేవారు, దినపత్రికలు చూడడానికి ఎవరైనా రావచ్చు. ఖర్చులకు కింది అంతస్తు దుకాణాల అద్దె. ఇంకొక ముచ్చట చెప్పకుండా ఉండలేను: మనుషుల్ని ఎక్కించే లిఫ్టు ఆ ఊళ్లో ఇంకా రానేలేదు, ఎప్పటికైనా వస్తుందన్న నమ్మకంతో కూపర్ తన భవనంలో దానికోసం గుండ్రటి బావిలాంటి జాగా ముందే వదిలిపెట్టాడు.

1860 ఫిబ్రవరి 27 రాత్రి ఆ నేలమాళిగలోకి ఇల్లినాయ్ రాష్ట్రం నుంచి ఒక పొడుగాటి వకీలు వచ్చాడు. మొదట బ్రూక్లిన్ చర్చిలో మాట్లాడాల్సినవాడు, చివర్లో వేదిక మారి ఇక్కడికి చేరాడు. టికెట్ పావు డాలరు. పేరు అబ్రహాం లింకన్. ఈయన బడిచదువూ అన్నీ కలిపితే ఏడాదికి లోపే. అయితే ఆ రాత్రి ఆయన చేసింది ఉపన్యాసం కన్నా పాఠం అంటేనే సరిపోతుంది. రాజ్యాంగంపై సంతకాలు చేసిన 39 మందిలో ఎవరెవరు బానిసత్వం గురించి చట్టసభల్లో ఏ వైపు ఓటేశారో నెలల తరబడి పాత దస్త్రాలు తిరగేసి పట్టుకున్నాడు. కొత్త ప్రాంతాల్లోకి బానిసత్వం పాకకుండా ఆపే అధికారం కేంద్రానికి ఉందని వాళ్లలో 21 మంది ఒప్పుకున్నట్టేనని ఒక్కొక్క పేరే తీసి లెక్కచెప్పాడు. జనం ఓపిగ్గా విన్నారు. ఆ ఏడాది చివర్లో ఆయన అధ్యక్షుడిగా ఎన్నికయ్యాడంటే ఆ రాత్రికి అందులో పెద్ద వాటా ఉందని చరిత్రకారులంటారు. నాకు మాత్రం వక్త కన్నా ఆ శ్రోతలే ఎక్కువ గుర్తుండిపోతారు.

1870లో లకోటా తెగ నాయకుడు రెడ్ క్లౌడ్ ఇదే వేదిక మీద తన భాషలో మాట్లాడి, తన జనానికి చేసిన ఒప్పందాల మోసాన్ని విప్పిచెప్పాడు. కూపర్ 1883లో పోయాడు. 1897లో చార్లెస్ స్ప్రేగ్ స్మిత్ అనే మాజీ ప్రొఫెసర్ పీపుల్స్ ఇన్‌స్టిట్యూట్ స్థాపించి, ఈ హాల్లో సాయంకాలం ఉపన్యాసాలు మొదలుపెట్టాడు. వచ్చేవాళ్లలో ఎక్కువమంది తూర్పు యూరప్ నుంచి వలసవచ్చిన కుట్టుపనివాళ్లు, కూలీలు. ఉపన్యాసం ముగిశాక ప్రశ్నలడిగే సమయం ఉండేది. పగలంతా మేస్త్రీ మాటకు తలూపినవాడు రాత్రి ప్రొఫెసర్ను నిలబెట్టి ప్రశ్న అడగగలిగాడు. ఆ హాలు చేసిన అసలు పని ఇదేనని నా నమ్మకం.

1909 నవంబర్ 22న దాని ఫలం కనిపించింది. జాకెట్లు కుట్టే ఫ్యాక్టరీల పనివాళ్లతో హాలు కిక్కిరిసింది. పెద్దలు ఒకరి తర్వాత ఒకరు రెండు గంటలపాటు మాట్లాడారు. ఏం చెయ్యాలో మాత్రం తేల్చలేదు. అప్పుడు క్లారా లెమ్లిచ్ అనే ఇరవైమూడేళ్ల కుట్టుపనిపిల్ల వేదిక దగ్గరికొచ్చి, యిడ్డిష్ భాషలో ఈ మాటలు చాలు, సమ్మె చేద్దాం అంది. హాలు లేచి నిలబడింది. ఆ సమ్మెలో చేరినవాళ్లు ఇరవై వేలు, ఎక్కువమంది ఆడపిల్లలే.

భవనం ముందు కూపర్ కంచు విగ్రహం ఉంది. దాన్ని చేసిన అగస్టస్ సెయింట్ గాడెన్స్ కుర్రతనంలో పగలు చిన్నచిన్న రాళ్లమీద బొమ్మలు చెక్కే పని నేర్చుకుంటూ, రాత్రి ఇక్కడే డ్రాయింగ్ దిద్దుకున్నాడు.

కూపర్ పెట్టిన ఉచిత చదువు 2014లో ఆగింది. అప్పులు పెరిగి, కొత్తగా చేరేవాళ్ల దగ్గర ఫీజు తీసుకోవడం మొదలైంది. ఆ నిర్ణయం వెలువడినప్పుడు విద్యార్థులు ఆ విద్యాసంస్థ అధ్యక్షుడి గదిలో వారాల తరబడి బైఠాయించారు. అది చదివిన రోజు నాకు చాలా బాధేసింది. మళ్లీ ఉచితం చెయ్యడానికి 2018లో పదేళ్ల ప్రణాళిక వేసుకున్నారు. 2024లో చివరి ఏడాది విద్యార్థులకు ఫీజు తీసేశారు. మొదటి మూడేళ్ల ఫీజు అప్పటికి ఇంకా మిగిలే ఉంది.