లినక్స్‌లో వీడియో గేములు

విండోస్ కోసం తయారైన గేములను లినక్స్ కంప్యూటర్లలో ఆడించడానికి మూడు దశాబ్దాలుగా కృషి సాగుతోంది. తెలుగునాట లినక్స్ విద్యార్థులకు చేరింది ఎక్కువగా ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబుల్లోనే. హైదరాబాదులోని ‘స్వేచ్ఛ’ సంస్థ డెబియన్ అనే లినక్స్ రూపం ఆధారంగా తెలుగులో కనిపించే ఆపరేటింగ్ సిస్టమ్‌నే రూపొందించింది. కానీ గేముల కోసం విండోస్‌ను ఉంచుకోక తప్పేది కాదు. ఒకే డిస్కులో రెండూ ఎక్కించుకుని, చదువుకు ఒకటి, ఆటకు ఒకటి వాడుకునేవారు.

చిక్కు లినక్స్ శక్తిలో లేదు. ఫోన్లలో మన కుర్రాళ్లు ఆడే ఫ్రీ ఫైర్ మ్యాక్స్, బీజీఎంఐ గేములు ఆండ్రాయిడ్ మీద, అంటే లినక్స్ కేంద్ర భాగమైన కెర్నెల్ మీదే నడుస్తాయి. చాలా విండోస్ గేములు మాత్రం తెరపై బొమ్మ గీయడానికి మైక్రోసాఫ్ట్ వారి డైరెక్ట్‌ఎక్స్‌ను అడుగుతాయి. లినక్స్‌లో అది లేదు. అలాంటి అభ్యర్థనలను అందుకుని లినక్స్ పద్ధతిలో నెరవేర్చే ‘వైన్’ ప్రాజెక్టు 1993లో మొదలైంది. 1.0 వెర్షన్ రావడానికి 2008 దాకా పట్టింది. గేములనే లినక్స్‌కు మార్చి అమ్మడం రెండో దారి. 1998లో పుట్టిన లోకి సాఫ్ట్‌వేర్ ఆ పని చేసి, కొనేవాళ్లు చాలక 2002లో మూతపడింది.

2012లో విండోస్ 8 సొంత యాప్ స్టోర్‌తో రావడం గేములు అమ్మే ఆన్‌లైన్ స్టోర్ స్టీమ్ యజమాని వాల్వ్‌ను కలవరపెట్టింది. విండోస్ మీదే ఆధారపడకుండా 2013 ఫిబ్రవరిలో స్టీమ్‌ను లినక్స్‌కు తెచ్చింది. లినక్స్‌తో నడిచిన 2015 నాటి గేమింగ్ కంప్యూటర్లు ‘స్టీమ్ మెషీన్లు’ మాత్రం ఆడడానికి గేములు చాలక నిలవలేదు.

అసలు మలుపు ఒక ఆటగాడి పట్టుదల నుంచి వచ్చింది. నియర్ ఆటోమాటా అనే గేమును లినక్స్‌లో ఆడాలని ఫిలిప్ రెబోలే డీఎక్స్‌వీకే అనే ప్రోగ్రాము రాయడం మొదలుపెట్టారు. డైరెక్ట్‌ఎక్స్ ఆదేశాలను ఇది 2016లో వచ్చిన, లినక్స్‌లోనూ పనిచేసే గ్రాఫిక్స్ వ్యవస్థ వల్కన్ ఆదేశాలుగా మారుస్తుంది. వాల్వ్ ఆయన పనికి అండగా నిలిచి, వైన్‌నూ దీన్నీ కలిపి 2018 ఆగస్టులో ‘ప్రోటాన్’గా విడుదల చేసింది. అప్పటి నుంచి వేల విండోస్ గేములు ఏ మార్పూ లేకుండా లినక్స్‌లో నడుస్తున్నాయి. కొన్ని కంపెనీలు తలపెట్టినా నిలబెట్టలేని పనిని సోర్సు కోడ్ అందరికీ తెరిచి పెట్టిన ప్రోగ్రామర్లు వాల్వ్ అండతో సాధించారు. 2022 ఫిబ్రవరిలో వచ్చిన చేతి గేమింగ్ యంత్రం స్టీమ్ డెక్ లోపల ఉన్నది కూడా ఆర్చ్ లినక్స్ ఆధారిత వ్యవస్థ, ప్రోటాన్‌లే.

మిగిలిన అడ్డంకి ఆన్‌లైన్ గేముల్లో మోసాలను పట్టే యాంటీ చీట్ ప్రోగ్రాములు. వాటిలో ఈజీ యాంటీ చీట్, బాటిల్‌ఐ 2021లోనే ప్రోటాన్‌కు దారి ఇచ్చాయి గానీ, గేము తయారీదారు అనుమతిస్తేనే అవి పనిచేస్తాయి. వాలరెంట్ గేములోని యాంటీ చీట్ వాన్‌గార్డ్ విండోస్ కెర్నెల్‌లోనే కూర్చుంటుంది కాబట్టి ఆ గేము లినక్స్‌లో నడవదు. కొన్నేళ్లు బాగా నడిచిన ఏపెక్స్ లెజెండ్స్‌ను దాని ప్రచురణకర్తే 2024లో లినక్స్‌లో ఆపేశారు. ఇలాంటి చోట సాంకేతికత కన్నా కంపెనీ నిర్ణయమే అడ్డు. అందుకే లినక్స్ వాడేవారు డబ్బు కట్టే ముందు, ఆటగాళ్లే తమ అనుభవాలు నమోదు చేసే ప్రోటాన్‌డీబీ వెబ్‌సైట్‌లో ఆ గేము నడుస్తుందో లేదో చూసుకోవాలి.