తాళము తప్పిన గుండెకు పటము

మణికట్టుపై వ్రేళ్లుంచి నాడి చూచుట మన వైద్యులకు తరతరములుగా తెలిసిన విద్య. నాడి తాళము తప్పినదని వ్రేలు చెప్పగలదు. ఏల తప్పినదో చెప్పజాలదు.

లీడెన్ నగరమున ఐంథోవెన్ పండితుడు 1903లో తంత్రీ గాల్వనామీటరును వర్ణించెను. దానివలన గుండెలోని స్వల్ప విద్యుత్తు గీతయై కంటికి కనబడెను. 1909లో లండనున థామస్ లూయిస్, బొత్తిగా క్రమము లేని నాడికి గుండె పై గదుల వణకే కారణమని ఆ గీతలతో నిరూపించెను. 1956లో కర్నూలున వైద్యకళాశాల వెలయునాటికి ఇ.సి.జి. చదువుట వైద్యవిద్యలో భాగమై యుండెను. అయినను కవాటమెట్లు మూసికొనుచున్నదో, కండరమున మచ్చ ఎచట పడినదో గీత చూపజాలదు. బాల్యమున కీళ్లవాత జ్వరము సోకి కవాటము చెడినవారు మన దేశమున పెక్కురు. వారిలో కొందరికి నడివయసు రాకముందే గుండె తాళము తప్పును.

కర్నూలు కళాశాలకును, 2006లో వెలసిన కడప వైద్యకళాశాలకును నడుమ అర్ధశతాబ్ది గడచినది. ఆ కాలముననే ఎం.ఆర్.ఐ. పుట్టినది. 1973లో అమెరికాలో లాటర్‌బర్ తొలి చిత్రములు ప్రకటించెను. ఇంగ్లండున మాన్స్‌ఫీల్డ్ ఆ పద్ధతిని వేగవంతము చేసెను. ఇరువురును 2003లో నోబెల్ బహుమానము పొందిరి. రేడియో వినువారికి ఇందలి కిటుకు క్రొత్త గాదు. ఒకటిన్నర టెస్లాల అయస్కాంతమున మన దేహములోని హైడ్రోజను సుమారు 64 మెగాహెర్ట్జ్ తరంగమునకు బదులు పలుకును, ఎఫ్.ఎం. ప్రసారములకు కొంచెము దిగువ నన్నమాట!

1977లో డమాడియన్ బృందము మనిషి రొమ్మును చిత్రించుటకు దాదాపు ఐదు గంటలు పట్టెను. గుండె అంతసేపు నిలుచునా? అందుచేత ఇ.సి.జి. గీతను తాళముగా గైకొని, ఒక్కొక్క స్పందనమున కొంత కొంత గ్రహించి, పది పండ్రెండు స్పందనములను కలిపి ఒకే చిత్రము చేయు పద్ధతి వచ్చెను. ఎమ్మిగనూరు మగ్గము నెరిగినవారికి ఇది సుబోధము. నాడె విసరిన ప్రతిసారి ఒక్క పేక పడును. పేకలన్నియు కుదిరిననే అంచు బొమ్మ తేలును. గుండె తాళము తప్పెనా, ఒక క్షణపు పోగు వేరొక క్షణపు పోగు ప్రక్కన పడి బొమ్మ చెదరిపోవును. పటము మిక్కిలి అవసరమైన రోగికే పటము కుదరకపోవుట ఎంత విపరీతము!

ఇంకొక చిక్కు గలదు. అయస్కాంతమున ప్రవహించు నెత్తురే విద్యుత్తును పుట్టించి, ఇ.సి.జి.లో ఒక అలను పెంచి యంత్రమును మోసగించును.

అప్పుడప్పుడు మాత్రమే తప్పు తాళమైనచో, ఆ స్పందనమును పారవైచి మంచివానినే ఏరుకొందురు. రోగి మరికొంతసేపు ఊపిరి బిగబట్టవలెను. ఆయాసపడువానికి అది శిక్షయే. పై గదులు వణకునపుడో, ఏ రెండు స్పందనములును సమానముగా నుండవు, ఏరుకొనుటకేమి మిగులును?

కావున కొందరు తాళమునే విడిచిపెట్టిరి. 2010లో జర్మనీలోని గోటింగెన్‌లో ఫ్రామ్ బృందము సెకనులో ఏబదియవ వంతుకు ఒక పూర్తి చిత్రము తీయు విధానమును ప్రకటించెను. ఇందు ఒక స్పందనమును వేరొకదానితో అతుకనక్కర లేదు; రోగి ఊపిరి బిగబట్టనక్కర లేదు. ఇట్టి చిత్రములలో నునుపు కొంత తక్కువ. అయినను మా దృష్టిలో, చెదరిన నేతకంటె ముతక నేతయే మేలు. కవాటపు కదలిక అందు స్పష్టముగా కనబడును.