కోలార్ గనిలో కనబడి మాయమైనవి

యారాడ బీచ్‌లో కూర్చుని అరచెయ్యి ఆకాశానికి చాపితే, దాదాపు సెకనుకొక మ్యూయాన్ అందులోంచి దూసుకుపోతుంది. ఎలక్ట్రాన్‌కి అన్నలాంటిది, బరువు రెండు వందల రెట్లు. కాస్మిక్ కిరణాలు గాలిపొరల్ని గుద్దుకుంటే పుడుతుంది. దాన్ని ఆపడానికి ఇక్కడి కొండ చాలదు, పాతాళం కావాలి.

ఆ పాతాళం మన పొరుగునే ఉండేది. ఆంధ్రా సరిహద్దు దగ్గర, తెలుగు బాగా వినబడే కోలార్ బంగారు గనులు. లోతుకి వెళ్లేకొద్దీ మ్యూయాన్లు ఎలా తగ్గుతాయో కొలవడానికి టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్లు అందులోకి దిగారు. 1964 నాటి పేపర్ మీద జపాన్ శాస్త్రవేత్త మియాకేతో పాటు వి.ఎస్. నరసింహం, పి.వి. రమణమూర్తి పేర్లుంటాయి (రమణమూర్తీ అని ఏ విశాఖ వీధిలో పిలిచినా ఇద్దరు పలుకుతారు). అట్టడుగున రెండు నెలలు కాపలా కాసినా ఒక్క మ్యూయానూ తగల్లేదు. ఆ నిశ్శబ్దమే వరమైంది. పైనుంచి ఏదీ రానిచోట మ్యూయాన్ కనబడిందంటే, న్యూట్రినో ఏదో పక్క రాతిలో దాన్ని పుట్టించి ఉండాలి. 1965లో, 2.3 కిలోమీటర్ల లోతున అలాంటివి దొరికాయి.

అసలు కథ 1975ది. కొన్ని ఘటనల్లో రెండు మూడు గీతలు ఒకే బిందువు నుంచి చీలాయి. ఆ బిందువు రాతిలో లేదు, గోడకీ పరికరానికీ మధ్య గాలిలో ఉంది! అంటే రాతిలో పుట్టిన కొత్త కణమేదో కాస్త దూరం నడిచి విరిగిపోయిందా? కృష్ణస్వామి, మీనన్, నరసింహం తదితరులు కొత్త కణమనే రాశారు. యాక్సిలరేటర్లలో వెతికితే దొరకలేదు. వాళ్లు తొందరపడ్డారని నేననను. ఆకాశం పంపినప్పుడే పుచ్చుకోవాలి, ఇంకోసారి పంపమని అడగలేం. ఏళ్ల తరబడి చూస్తే వేళ్లమీద లెక్కపెట్టేన్ని ఘటనలు. 2014లో మూర్తి, రాజశేఖరన్ అవి డార్క్ మేటరేమో అని మళ్లీ కదిపారు.

ఇప్పుడు సెర్న్‌లో మ్యూయాన్లని అడిగి తెప్పించుకుంటున్నారు. ఎన్ఏ64 ప్రయోగంలో 160 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల మ్యూయాన్ల ధారని అడ్డంకికి కొట్టి, బయటికొచ్చినదాని శక్తి కొలుస్తారు. సగానికి పైగా పోయి, ఆ పోయింది ఎక్కడా తేలకపోతే, కంటికి కనబడనిదేదో పట్టుకుపోయినట్టు. సుమారు రెండు వేల కోట్ల మ్యూయాన్లు చూశాక 2024లో ఏమీ లేదన్నారు. ఆ ‘లేదు’కి కొలత ఉంది. కోలార్ ‘ఉంది’కి రెండో సాక్షి లేదు.

గని 2001లో మూతపడింది. సొరంగాల్లోకి నీళ్లొచ్చేశాయి.