కార్ల పరిశ్రమలో పుట్టిన చదరపు గుర్తు

కిరాణా కొట్టులో డబ్బు చెల్లించడానికి మీరు స్కాన్ చేసే క్యూఆర్ కోడ్ నిజానికి డబ్బు కోసం పుట్టింది కాదు, కార్ల విడిభాగాల లెక్క కోసం పుట్టింది.

జపాన్‌లోని టయోటా సంస్థలో తైచి ఓనో రూపొందించిన ‘కాన్‌బాన్’ పద్ధతిని గమనించండి. ఏ విడిభాగం ఎన్ని కావాలో ఒక చీటీ చెబుతుంది, అన్నే వస్తాయి. గోదాములో సరుకు పేరుకుపోదు. టయోటాకు విడిభాగాలు అందించే డెన్సోలో ఆ వివరాలను బార్‌కోడ్‌లో పెట్టారు. అయితే ఒక్కో బార్‌కోడ్‌లో సుమారు ఇరవై అక్షరాలే పట్టేవి. దాంతో ఒకే పెట్టెకు అనేక బార్‌కోడ్‌లు అతికించేవారు. కార్మికులు వాటన్నిటినీ స్కాన్ చేయవలసి వచ్చేది. 1994లో మసాహిరో హారా బృందం ‘గో’ ఆట పలకను పోలిన నలుపు తెలుపు గళ్లలో అంతకంటే ఎన్నో రెట్ల సమాచారాన్ని ఇమిడ్చింది. పేటెంటు ఉన్నా, ప్రమాణాలు పాటించే వారి నుంచి డెన్సో రుసుము కోరలేదు. నా దృష్టిలో ఆవిష్కరణ కంటే ఈ నిర్ణయమే పెద్దది.

ఆ గుర్తు ఇప్పుడు మళ్లీ వాహన పరిశ్రమకే వస్తోంది. ఐరోపా సమాఖ్య 2023లో చేసిన చట్టం ప్రకారం, 2027 ఫిబ్రవరి నుంచి అక్కడ అమ్మే విద్యుత్ వాహనాల బ్యాటరీలకు ‘బ్యాటరీ పాస్‌పోర్టు’ ఉండాలి. క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే కర్బన ఉద్గారాలు, రీసైకిల్ చేసిన లోహాల వాటా వంటివి కనిపించాలి. ఆ వివరాలు నింపవలసింది మాత్రం బ్యాటరీని మార్కెట్లోకి తెచ్చే సంస్థే. చిక్కు ఇక్కడే ఉంది. కాంగోలో పిల్లలు చేతులతో ఏరిన కోబాల్ట్ ఖనిజం, యంత్రాలు తవ్విన ఖనిజంతో శుద్ధి కర్మాగారంలో ఒకసారి కలిసిపోయాక, ఏది ఎక్కడిదో ఏ స్కానరూ చెప్పలేదు. గని దగ్గరే ఎవరో ఒకరు బస్తా బస్తాకూ లెక్క రాయాలి.