స్వతంత్రం

‘స్వతంత్రం’లో ఉన్న తంత్రం మొదట మగ్గం మీది పడుగు. సాచడం అనే అర్థమున్న ‘తన్’ ధాతువు దానికి మూలం. తన పడుగు తనదే అయినవాడు స్వతంత్రుడు, ఇంకొకరి మగ్గానికి కట్టుబడ్డవాడు పరతంత్రుడు. 2013 కంపెనీల చట్టం ‘ఇండిపెండెంట్ డైరెక్టర్’ని కోరేది ఈ అర్థంలోనే: ప్రమోటరుకు బంధువు కాకూడదు, కంపెనీతో చెప్పుకోదగ్గ డబ్బు లావాదేవీ ఉండకూడదు. లిస్టయిన కంపెనీ బోర్డులో ఇలాంటివాళ్లు కనీసం మూడో వంతు ఉండాలి.

వాడుక తెలుగు ఈ మాటను మరో దిక్కుకు లాక్కుపోయింది. ‘ఆ ఇంట్లో వాడికి స్వతంత్రం ఉంది’ అంటే నేరుగా వంటింట్లోకి వెళ్లగల చనువు. స్వతంత్రించి అన్నాడంటే, ఎవరూ అడగకుండానే చొరవ తీసుకుని అన్నాడని. చట్టం దూరాన్ని కొలుస్తుంది, మన మాట దగ్గరితనాన్ని కొలుస్తుంది. బోర్డు గదిలో పనికొచ్చేది రెండోదేనని నా అభిప్రాయం.

సత్యం కంప్యూటర్స్ కంపెనీలో మొదటిదానికి కొదవ లేదు. పెంటియం చిప్‌తో పేరొందిన వినోద్ ధామ్ లాంటివాళ్లు బోర్డులో ఉన్నారు. అయినా 2008 డిసెంబరు 16న ప్రమోటరు కుటుంబానికి చెందిన మేటాస్ కంపెనీల కొనుగోలుకు బోర్డు ఏకగ్రీవంగా ఒప్పుకుంది. (సత్యాన్ని ఇంగ్లీషులో తిరగేసి రాస్తే మేటాస్!) మదుపుదారులు మండిపడ్డాక గంటల్లోనే వెనక్కి తగ్గారు. అమెరికా కంపెనీలను పరిశీలించిన సంజయ్ భగత్, బెర్నార్డ్ బ్లాక్ 2002లో చెప్పిందీ ఇలాంటిదే: లాభాలు తగ్గిన కంపెనీలు బయటివాళ్లను పెంచుకున్నాయి, దానివల్ల ఫలితం మెరుగైన దాఖలా లేదు.

కోలార్ బంగారు గనుల్లో దూరానికి ఇంకా పెద్ద చరిత్ర ఉంది. 1880లో పుట్టిన మైసూర్ గోల్డ్ మైనింగ్ కంపెనీ బోర్డు లండన్‌లో, నడిపింది జాన్ టేలర్ అండ్ సన్స్. అంత దూరంలోని డైరెక్టర్ల చేతికి లాభాలు వచ్చాయంటే అది వాళ్ల గొప్ప కాదు, రాతిలో బంగారం అంత దట్టంగా ఉంది. అది పలచబడ్డాక గనులు 1956లో మైసూరు రాష్ట్రానికి, 1962లో కేంద్రానికి వెళ్లాయి. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ అయ్యాయి, 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. ఏ బోర్డూ ఖనిజాన్ని పుట్టించలేదు కదా.

అదే ఊళ్లో 1964 నాటి ప్రభుత్వ కంపెనీ బెమెల్ (భారత్ ఎర్త్ మూవర్స్) కర్మాగారం ఇప్పటికీ నడుస్తోంది. కంపెనీలో సగానికి పైగా వాటా కేంద్రానిది. ప్రైవేటు రంగ కంపెనీలో ఫలానావాడు స్వతంత్ర డైరెక్టరుగా తగినవాడని తేల్చేది బోర్డు. ప్రభుత్వ కంపెనీలకు 2015లో చట్టంలోని ఆ నిబంధనను సవరిస్తూ, బోర్డు ఉన్న చోట సంబంధిత మంత్రిత్వశాఖను పెట్టారు. బెమెల్ విషయంలో ఆ శాఖ రక్షణ శాఖ, అంటే యజమాని.